ఉత్తరీయము క్రింది చేయి

ఆశ్వయుజమాసము గడచుచున్నను ఆ యేట ఆకాశమునకు శరత్తు రాలేదు. తూర్పుకడలినుండి పొరలిపొరలి వచ్చు నీలమేఘమాలికలు వేలాపురి రేవుమీద మూతవేసినట్లు క్రమ్ముకొని యుండగా ఉప్పుగాలికి కొబ్బరిచెట్లన్నియు ఒక్క దిక్కునకే తలలు వాల్చి హోరుమని మొఱలిడుచుండగా లంగరువేసి నిలిచిన కలములు, ఆ పెద్దయోడలు, పలుపులు తెంపుకొనజూచు కోడెలవలె పెనుగులాడుచుండగా పడవవారు తెరచాపలు దించి చుట్టి యొడ్డునకు మోయుచు మాటిమాటికి వెనుదిరిగి కడలివంక చూచుచుండిరి. తెల్లవాఱి చాలసేపైనను ఇండ్లలో దీపము లేనిదే మనిషి మొగము కానరాదు. అట్టి తుపాను ప్రొద్దున ముత్తెపువర్తకుల వీథిలో కొమ్మిసెట్టి యింటి చావడియందు అతని యేకపుత్రిక మైలమ ప్రమిదలోని వత్తిని ఎగద్రోసి తండ్రి చేతివంక చూచి కొయ్యబాఱి నిలిచిపోయెను.

ఆ చేతివ్రేలినుండి నెత్తురు జాఱి ముత్తెములమీద పడుచుండెను. వృద్ధుడైన కొమ్మిసెట్టి హారమునకు క్రొత్తదారము ఎక్కించుచు ఎడమచేతి సూదిని ముత్తెపు బెజ్జములోనికి గాక తన కుడి చూపుడువ్రేలి కండలోనికి దింపి ఆవలికి తీసి దారముతోసహా లాగుచునే యుండి ఆ సంగతి యెఱుగక గవాక్షము వెలుపలి గాలిని చూచుచు "నీవు పుట్టిన యేట ఇట్టి గాలియే వీచినది తల్లీ" యని తీరికగా కబుర్లు చెప్పుచుండెను. సూది గ్రుచ్చుకొన్నదని మైలమ బెదరలేదు. ముత్తెపువారి యింట పుట్టిన పిల్ల సూదిపోటునకు బెదరునా? సూది కండలో దిగియుండగా తండ్రి మొగము చిఱునవ్వు నవ్వుచుండుట చూచి బెదరెను.

"నాయనా, నీ వ్రేలు" అని మాత్రము అనగలిగెను.

కొమ్మిసెట్టి తలవంచి చూచుకొనెను. ఒక్క క్షణము పరాయివాని చేతిని చూచినట్లు చూచి తటాలున సూది పెఱికి చేతిని ఉత్తరీయపు చెఱగున దాచుకొని "ముసలితనము గదా, చూపు తప్పినది. మీ అమ్మతో చెప్పకుము" అనెను. చూపు తప్పుటయా? రేవున నిలిచిన కలము ఏ దేశపుదో యింటి అరుగుమీదనుండి చెప్పగల కన్నులు అతనివి. తండ్రి అబద్ధమాడుచున్నాడని మైలమకు తెలిసినది. తెలిసినదని అతనికిని తెలిసినది.

చదువరులకు ఇచట ఆ వీథి మర్యాద కొంత చెప్పక తీఱదు. వేలాపురి ముత్తెపుటంగడిలో బేరము నోటితో ఆడుట లేదు. అమ్మువాడును కొనువాడును చాపమీద ఎదురెదురుగా కూర్చుండి ఒడులమీద వెడల్పయిన ఉత్తరీయమొకటి పఱచుకొని దాని చాటున ఒకరి చేయి యొకరు పట్టుకొని వ్రేళ్ళు నొక్కుచు నొక్కించుకొనుచు ధర తేల్చుకొందురు. పట్టిన వ్రేలొక్కటికి నూఱు బంగారు మాడలు, ఐదు దాటినచో మరల మొదటినుండి పట్టుదురు. ఒప్పుదలైనచో అమ్మువాడు కొనువాని మణికట్టును అదిమిపట్టును. అంతట కొనువాడు ఆ ధరను పదుగురును వినునట్లు చాటగా అమ్మువాడు ఔననును. అతడు ఔనను వఱకు పట్టిన చేతులు విడువరాదు. ఔనన్న పిమ్మట ఆ మాటను త్రిప్పుట బ్రహ్మదేవునికిని తరము గాదు. ఆ బట్టక్రింద మూడవచేయి దూఱెనా, దూర్చినవారి యింటివారికి అంగడిలో చాప యుండదు, బేరమాడు హక్కే పోవును. మైలమ పసితనమున తండ్రి ప్రక్కను కూర్చుండి ఆటగా ఆ బట్టక్రింద చేయి పెట్టబోగా కొమ్మిసెట్టి చెంప చెళ్ళుమనిపించెను. పుట్టి బుద్ధెఱిగిన పిమ్మట ఆమె తండ్రిచేత తిన్న దెబ్బ అదియొక్కటే. ఇంటికి వచ్చి తానే కంట నీరు పెట్టుకొని తన ఉత్తరీయము కప్పి ఆ చిట్టిచేతిని పట్టుకొని "ఇది యెంత? మఱి యిది యెంత?" అని ఆడించి ఆడించి నవ్వించెను. ఆ బిడ్డకు అంకెలు అబ్బినది అట్లే.

అంతటి చేతిని నమ్ముకొని బ్రదికిన కొమ్మిసెట్టికి ఈ నడుమ బేరమాడిన ప్రతిమాఱును నష్టమే వచ్చుచుండెను. పెద్దముత్తెములు మట్టిధరకు పోయినవి. వాని వెంట పొలము పోయినది. కొన్నవాడు ప్రతిమాఱును పోలిసెట్టియే. అతడు దక్షిణపు రేవులనుండి వచ్చి యీ వీథిలో స్థిరపడినవాడు. మాట వెన్నముద్ద. నుదుట తీర్చిన విబూది. ఎవరెదురైనను ముందుగా తానే వంగి దండము పెట్టును. కొమ్మిసెట్టిని మామా యనియు మైలమను వదినె యనియు నోరార పిలుచును. పండుగనాడు మైలమ తల్లికి చీర తెచ్చును. సొంత అల్లుడైనను ఇంతగా చూడడని వీథి వీథియంతయు మెచ్చుకొనుచుండగా ఆ వీథికొసననే మెట్టినిల్లు గల మైలమ ఆ మెప్పులు విని సిగ్గుపడి పోలిసెట్టిని తానే తప్పుగా అనుమానించుచున్నానని నోరు మూసుకొనుచు వచ్చెను.

ఇప్పుడు మిగిలినది ఆ హారమొక్కటి. తల్లిదండ్రుల శేషజీవితమునకు కూడును గుడ్డయు మందుమాకులును సమస్తము అదియే. దానిని గూడ ఈ దినపు అంగడిలో పోలిసెట్టికే అమ్ముటకు కొమ్మిసెట్టి మాట యిచ్చియుండెను. ఎవరో రాణివాసమువారికి కావలెనట. కలము తుపాను ముదురక ముందే కదలవలెనట. ఈ దినము తప్పిన మఱి అట్టి ధర కలలోనైనను రాదట. ఒకరికి మేలు చేయవచ్చినవాడు ఇంతగా తొందరపెట్టునా యనుకొని మైలమ గబగబ వంటయింటికి పోయెను.

అచట తల్లి యెఱుకమ వార్చిన అన్నమును పళ్ళెరమున పలుచగా నెరపి విసనకఱ్ఱతో విసరుచుండెను. పొగలు గ్రక్కు అన్నము కొమ్మిసెట్టికి ప్రాణమని ఊరెల్ల యెఱుగును. ఆ చలిగాలి దినమున అన్నము చల్లార్చుట యేల?

"అమ్మా, నాయన చేయి ఎప్పటినుండి యిట్లున్నది" అని మైలమ అడిగెను. విసనకఱ్ఱ ఆగిపోయెను.

"నీకెవరు చెప్పిరే" అని యెఱుకమ వాకిలివంక చూచి గొంతు తగ్గించి "వేసవినుండి. కాలునో కాలదో తెలియక కలుపుకొనును తల్లీ, వ్రేళ్ళు బొబ్బలెక్కును. అందుచేత ముందే చల్లార్చి పెట్టుచున్నాను. నాకు తెలిసినదని ఆయన యెఱుగడు. ఎఱిగినచో తలయెత్తుకొని తిరుగగలడా ఆ మనిషి" అని కొంగు నోట క్రుక్కుకొనెను.

"మఱి యెవరికైనను తెలియునా?"

"ఎవరికి తెలియును? పోలిసెట్టి యొక్కడు కనిపెట్టెనేమో. గుడిలో హారతి కన్నుల కద్దుకొనబోయి మీ నాయన మంటమీద చేయిపెట్టి తీయడాయెను. ప్రక్కనున్న పోలిసెట్టి చటుక్కున లాగివేసెను, లేకున్న ఏమగునో. ఆ దినమునుండియే గదా పాపము మామా మామా యని మన గడప త్రొక్కుట."

ఆ మాటతో మైలమకు చిక్కు విడిపోయెను. మంటనుండి చేయి లాగినవాని కరుణకు అమ్మ యింకను కృతజ్ఞురాలై యున్నది. హారతివెలుగులో వాడు చూచినది మామను గాదు, స్పర్శ చచ్చిన చేతిని. బట్టక్రింద ఏ వ్రేలు పట్టిరో తెలియని చేయి. ఒప్పుకొన్నదో లేదో తనకే తెలియని చేయి. రెండు పట్టి యెంతయని చాటినను ఔననక గత్యంతరము లేని చేయి. ఇన్నాళ్ళును తండ్రి పోగొట్టుకొనలేదు, వాడు ఆ ముసలిచేతిని పట్టుకొని యింటిని దోచుకొనుచున్నాడు. ఇది యెవరితో చెప్పుట? ప్రతిమాఱును పదుగురిలో ఔనన్నది తండ్రియే గదా. సాక్ష్యము పలుకవలసినవి ఆ మొద్దుబాఱిన వ్రేళ్ళే గదా. ఆమె చావడిలోనికి వచ్చెను.

తండ్రి ప్రక్కను కూర్చుండి తన పైటచెఱగును అతని కుడిచేతిమీద కప్పి దాని క్రింద అతని రెండు వ్రేళ్ళు పట్టుకొని "ఆటాడుదము నాయనా. ఇది యెంత?" అనెను.

కొమ్మిసెట్టి చేతివంక చూడలేదు. ఆమె మొగమువంకనే చూచి చూచి "నాలుగు" అనెను. ఆమె కన్నులు నిండినవి. అతడు చేతిని వెనుకకు తీసికొని "నీవు భయపడుచున్నావు గనుక నీ మొగము చదువలేకపోయితిని. పోలిసెట్టి మొగము చదువగలను. ఈ మాఱు తప్పను" అనెను.

"పెద్దసెట్టిగారితో చెప్పుదము నాయనా."

"చెప్పి? చేయి చచ్చినవానికి చాప యెందులకని అడుగుదురు. మా తాత కూర్చున్న చాప అది. హారము పోయిన పస్తుండవచ్చును తల్లీ, చాప పోయిన నేనెవరిని?" అనుచు ఆ పెద్దమనిషి పసివానివలె పెదవులు బిగించుకొనుట చూచి తనకంటె తన తండ్రియే యెక్కువ భయపడుచున్నాడని మైలమ గ్రహించెను. తండ్రి భయపడగా చూచిన బిడ్డకు ఇక నిలువ నీడ యెక్కడిది? అంతలో అతడు "అంగడిలో నోరు విప్పితివా, నా మీద ఒట్టు" అని ఆమె తలమీద చేయి పెట్టెను. ఆ చేతికి ఆమె తల తగిలినట్లు తెలిసినదో లేదో ఆ దేవునికే యెఱుక.

అంగడివేళకు గాలి మఱింత ముదిరెను. కొమ్మిసెట్టి తలపాగ అదిమిపట్టుకొని ముందు నడువగా మైలమ హారపు పెట్టెను గుండెలకు హత్తుకొని వెనుక నడచెను. వీథిలోని ప్రతివాకిలియు తమవంక చూచుచున్నట్లు ఆమెకు తోచెను. హారము పోయిన వీరేమి తిందురు? తాను పెట్టిన తినరు, అల్లునింటి కూడని అభిమానపడుదురు. నోరు విప్పిన తండ్రిమీది ఒట్టు. ఊరకున్న తండ్రి బ్రదుకు. ఆమె అట్లే నడచుచుండెను.

వర్తకుల మంటపమున పెద్దసెట్టి బయ్యన నడుమను కూర్చుండి యుండెను. అంగడి కట్టుబాట్లు కాచువాడు అతడే. చుట్టును ముసలివారును నడివయసువారునునైన సెట్లు తమ తమ చాపలమీద ఉండిరి. పోలిసెట్టి లేచి వచ్చి కొమ్మిసెట్టి మోచేయి పట్టి నడిపించి కూర్చుండబెట్టి "వదినె కూడ వచ్చినదే. ఈ గాలిలో ఆడువారికేల శ్రమ, ఇంటికడ నుండరాదా" అని పరామర్శించెను. మైలమ బదులు చెప్పక తండ్రి వీపునకు ఆనుకొనునంత దగ్గఱగా కూర్చుండెను. పోలిసెట్టి నవ్వి తన పట్టు ఉత్తరీయమును విప్పి ఇరువురి యొడులమీద సవరించి సవరించి పఱచి చేతిని దాని క్రిందికి పోనిచ్చెను. కొమ్మిసెట్టియు పోనిచ్చెను.

బేరము సాగెను. కొమ్మిసెట్టి ఱెప్పవేయక ఎదుటివాని మొగమునే చూచుచుండెను. ఆ మొగమున చదువుటకేమున్నది? సున్నము పూసి నునుపు చేసిన గోడవలె నుండెను. పోలిసెట్టి ఒకమాఱు తల అడ్డముగా ఊపును, ఒకమాఱు అబ్బే యని పెదవి విఱుచును, ఒకమాఱు సరే మామా మీ మాట కాదందునా యని కరగిపోవును. చూచువారికి బేరము మహాజోరుగా నున్నట్లే యుండెను. తండ్రి భుజము కదలుట మైలమకు కనబడుచుండెను. అతని మెడవెంట చెమట కారుచుండెను. ఆమె తన రెండు చేతులను ఒడిలో నొకదానితో నొకటి అదిమిపట్టుకొనియుండెను.

"మీ దయ మామా" అని పోలిసెట్టి తల వంచి బయ్యనవంక తిరిగి "రెండు నూఱులకు ఒప్పుదలైనది" అని చాటెను.

మంటపమంతయు గుసగుసలు పుట్టినవి. ఆ హారపు వెలలో అది నాలుగవవంతును గాదు. కొమ్మిసెట్టి మొగమున నెత్తురు చుక్క లేదు. తన వ్రేళ్ళు వాని మణికట్టును అదిమినవో లేదో తెలిసికొనుటకు అతడు బట్టమీదనుండియే వానివంక చూచుట మైలమ చూచెను. ఇన్నేండ్లు తనకు అన్నము పెట్టిన చేతిని సాక్ష్యమునకు పిలిచి అది పలుకక నిలిచిన మనిషి చూపు అది.

"కొమ్మిసెట్టీ, ఔనా?" అని బయ్యన అడిగెను.

అతని పెదవులు విడివడినవి. ఆ ఒక్క మాట వెలువడినచో చాప దక్కును, బ్రదుకు పోవును. తండ్రిచేత తిన్న ఆ యొక్క చెంపదెబ్బ చెంపమీద మరల చురుక్కుమనెను. మూడవచేయి దూఱిన చాప పోవునని ఎఱుగును. ఎఱిగియే, నోరు విప్పవలదని గదా ఒట్టు పెట్టినాడు, చేయి కదపవలదని కాదు గదా అనుకొని, కన్నులు మూసికొని తండ్రి ప్రక్కనుండి తన చేతిని ఆ ఉత్తరీయము క్రిందికి దూర్చెను.

ముందుగా తగిలినది తండ్రి చేయి. చల్లగా నుండెను. దానిని పట్టియుండవలసిన చేతికై ఆమె తడవెను. ఇటు తడవెను, అటు తడవెను. చాప తగిలినది. మఱేమియు తగులలేదు. అచట రెండవచేయి లేదు. ఎవడును పట్టని చేయి ఇంతసేపు ఎవనితో బేరమాడినది? ఆ బట్టక్రింది చీకటిలో ఏదో చావు తగిలినట్లయి మైలమ ఆ పట్టు ఉత్తరీయమును ఒక్క పెట్టున లాగివైచెను.

అంగడి అంగడియంతయు చూచెను. కొమ్మిసెట్టి కుడిచేయి చాపమీద వెల్లకిల పడియుండెను. చూపుడువ్రేలికి గుడ్డపీలిక చుట్టియుండెను. వ్రేళ్ళు సగము ముడిచి ఎవరో వచ్చి పట్టుకొందురని యెదురుచూచుచున్నట్లు అది యొంటరిగా నుండెను. దానికి జానెడు దూరమున పోలిసెట్టి చేయి తన మోకాలిమీదనే తీరికగా నుండి బొటనవ్రేలితో ఉంగరమును త్రిప్పుకొనుచుండెను. తెలియని చేతికి అబద్ధపు అంకె చెప్పుటకు సైతము వాడు శ్రమపడలేదు. ఎన్ని బేరములనుండి అట్లు పట్టుట మానెనో!

పోలిసెట్టి ముందుగా తెప్పరిల్లి "చూచితిరా అయ్యలారా, ఆడుది మూడవచేయి పెట్టినది. కట్టుబాటు తప్పినది. వీరి చాప తీయింపుడు" అని పలికెను.

బయ్యన తొందరపడలేదు. ఆ చాపవంక చూచి "మూడవచేయి యందువా? మొదటిది కొమ్మిసెట్టిది, కానబడుచున్నది. రెండవది ఏది?" అనెను.

"ఇప్పుడే తీసితిని."

"ఔనని వినక తీసితివి గదా. అదియు తప్పే. ఈ బట్టక్రింద నేను చూచినది ఒక్క చేయి. ఈ యమ్మాయి పెట్టినది రెండవది. ఒక్క చేతితో బేరమెట్లు తెగును నాయనా?" అని బయ్యన అనెను.

అప్పుడు కొమ్మిసెట్టి తన చేతిని దాచుకొనక దానిని ఎడమచేతితో పైకెత్తి పట్టుకొని లేచి నిలిచెను. "అయ్యలారా, ఈ చేతికి స్పర్శ లేదు. వేసవినుండి లేదు. వీడు పట్టినను తెలియలేదు, పట్టకున్నను తెలియలేదు. తెలియలేదని చెప్పిన నవ్వుదురని భయపడి ఔను ఔనని నా కొంప నేనే తీసికొంటిని" అని చెప్పెను. ఎవరును నవ్వలేదు. చుట్టునున్న ముసలివర్తకులలో కొందఱు తలలు వంచి మెల్లగా తమ తమ వ్రేళ్ళను ముడిచి చాచి చూచుకొనిరి.

పోలిసెట్టికి అంగడిలో చాప లేకుండపోయెను. వాడు గాలియనక వాననక దొరికిన పడవ యెక్కి పోయెను. తిన్నది కక్కలేదు. పోయిన ముత్తెములు గాని పొలము గాని తిరిగి రాలేదు. హారము మాత్రము ఆ ముసలిదంపతుల పెట్టెలో నిలిచెను. కొమ్మిసెట్టి చాపయు నిలిచెను. ఇక మీదట బట్టక్రింద అతనికై అతని కూతురి చేయి పలుకునని బయ్యన చాటెను. ఇంత జరిగినను మైలమ భయము తీఱలేదు. వీథిలో ఎవరైనను తల్లిదండ్రులను ఎక్కువ తీయగా పలుకరించినప్పుడెల్ల ఆమె చేతిపని ఆపి చెవియొగ్గుచునే యుండెను. ప్రేమించువారికి భయము దండుగ గాదు. దానిని దాచుకొన్నప్పుడే దొంగవాడు దాని చాటున వచ్చి కూర్చుండును.

ఆ సాయంకాలము తుపాను ఇంటికప్పును పట్టి ఊపుచుండగా ఎఱుకమ పళ్ళెరమును భర్తయెదుటనే పెట్టి అన్నమును నెరపి విసరసాగెను. ఇంతకాలమును చాటున చేసిన పని అది. కొమ్మిసెట్టి చూచి "గట్టిగా విసరుము, ఆకలియగుచున్నది" అనెను. పిమ్మట కూతురిని చేరబిలిచి తన ఉత్తరీయమును ఇరువురి చేతులమీద కప్పి మొగము చదువకుండుటకు కన్నులు మూసికొనెను.

మైలమ అతని వ్రేళ్ళు పట్టుకొని "ఇది యెంత నాయనా?" అనెను.

వెలుపల ఏదో కొమ్మ విఱిగిపడెను. ఎఱుకమ విసనకఱ్ఱ ఆపి చూచుచుండెను.

"తెలియలేదు తల్లీ. మరల పట్టుము" అనెను.

ఆమె మరల పట్టెను.